స్క్రీన్ మీద 0.7 మి.మీ., కంటిగుంతలో 3 మి.మీ.: నావిగేషన్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కంటిగుంత అడుగు పగిలిన కేసులో పై పళ్లకి నాలుగు మార్కర్ల స్ప్లింట్ (పళ్లకి తొడిగే అచ్చు) పెట్టి నావిగేషన్ రిజిస్ట్రేషన్ చేశారు. నావిగేషన్ అంటే ప్రోబ్ (తాకి చూసే పుల్ల) మొన ఎక్కడుందో రోగి సీటీ మీద చూపించే సిస్టమ్, రిజిస్ట్రేషన్ అంటే ఆ సీటీని టేబుల్ మీదున్న రోగితో జతపరచడం. సిస్టమ్ 0.7 మి.మీ. ఎర్రర్ చూపించి పచ్చజెండా ఊపింది. ఆపరేషన్ తర్వాత తీసిన పోస్టాప్ సీటీలో మాత్రం, పగిలిన అడుగుకి ఆసరాగా పెట్టిన టైటానియం మెష్ (జాలీ) వెనక అంచు ప్లాన్ కన్నా 3 మి.మీ. కిందికి ఉంది. తప్పు మిషన్‌దా, చేతిదా, అసలు ఏ రిజిస్ట్రేషన్‌ని ఎంతవరకు నమ్మాలి అని అడిగారు.

ముందు ఆ 0.7 సంగతి తేల్చుకుందాం. అది మెష్ దగ్గర ఉన్న తప్పు కాదు. మెష్ దగ్గర తప్పు ఎంతో ఆ అంకెని బట్టి ఊహించడం కూడా కుదరదు. నావిగేషన్‌లో మూడు రకాల ఎర్రర్లున్నాయి, మూడింటినీ కలిపి "ఎర్రర్" అనే పిలవడం వల్ల చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఒకటి ఎఫ్‌ఎల్‌ఈ (ఫిడ్యూషియల్ లోకలైజేషన్ ఎర్రర్). ఒక్కో మార్కర్‌ని గుర్తించడంలో జరిగే తప్పు ఇది. సీటీలో మార్కర్ నడిమధ్య ఎక్కడుందో పట్టుకోవడంలో కొంత, టేబుల్ మీద ప్రోబ్ మొనని ఆ గుంటలో ఆనించడంలో కొంత. రెండోది ఎఫ్‌ఆర్‌ఈ (ఫిడ్యూషియల్ రిజిస్ట్రేషన్ ఎర్రర్). సీటీలోని మార్కర్ల మీద రోగి మార్కర్లని కూర్చోబెట్టాక వాటి మధ్య మిగిలే ఎడం. స్క్రీన్ చూపించేది దీన్నే. మూడోది టీఆర్‌ఈ (టార్గెట్ రిజిస్ట్రేషన్ ఎర్రర్). మీ ప్రోబ్ నిజంగా ఉన్న చోటుకీ, స్క్రీన్ మీద ఉన్నట్టు కనబడే చోటుకీ మధ్య దూరం. మనకి కావలసింది ఇది. సిస్టమ్ దీన్ని కొలవలేదు, మహా అయితే అంచనా వేస్తుంది. ఈ మూడింటి సంబంధాన్ని 1998లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిట్జ్‌పాట్రిక్, ఆయన సహచరులు లెక్కగట్టి చూపించారు. ఒకే కేసులో ఎఫ్‌ఆర్‌ఈకీ టీఆర్‌ఈకీ పొంతన ఉండదని 2009లో ఫిట్జ్‌పాట్రిక్ విడిగా నిరూపించారు. అంటే ఎఫ్‌ఆర్‌ఈ తక్కువ వచ్చినంత మాత్రాన ఆ రోజు మీ నావిగేషన్ బాగుందని కాదు.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఒక్కో మార్కర్ దగ్గర తప్పు సగటున 1 మి.మీ. అనుకోండి. నాలుగు మార్కర్లయితే స్క్రీన్ మీద వచ్చే ఎఫ్‌ఆర్‌ఈ సుమారు 0.71. మీ అంకె దాదాపు ఇదే. ఇప్పుడు మీ స్ప్లింట్ మార్కర్లు నాలుగూ ఒకే ఎత్తులో, అడ్డంగా 60 మి.మీ., ముందువెనకలుగా 40 మి.మీ. దూరంలో ఉన్నాయనుకుందాం. ఆ నాలుగింటి నడిమధ్యన, అంటే నోట్లో, టీఆర్‌ఈ 0.5 మి.మీ. చాలా బాగుంది. కానీ కంటిగుంత వెనక భాగం అక్కడ లేదు. స్ప్లింట్ మధ్య నుంచి 65 మి.మీ. పైన, 20 మి.మీ. పక్కకి, 20 మి.మీ. వెనక్కి ఉందనుకుంటే, అదే ఫార్ములా ప్రకారం అక్కడి టీఆర్‌ఈ 1.3 మి.మీ. మార్కర్లన్నీ ఒకే పళ్లెంలో పెట్టినట్టు ఉన్నాయి కాబట్టి, పళ్లెం కొద్దిగా వాలితే చాలు, పైనున్న చోటు ఎక్కువ జరుగుతుంది. 1 డిగ్రీ వాలు 65 మి.మీ. ఎత్తులో 1.1 మి.మీ. అవుతుంది.

ఇంకో రెండు మార్కర్లు జోడిద్దాం. రెండు వైపులా ఫ్రంటోజైగోమాటిక్ సూచర్ (కంటి బయటి పక్క నుదుటి ఎముకా చెంప ఎముకా కలిసే అతుకు) దగ్గర, స్ప్లింట్ కన్నా 75 మి.మీ. ఎత్తులో, నడిగీత నుంచి 45 మి.మీ. దూరంలో చెరొక స్క్రూ. ఇప్పుడు కంటిగుంత వెనక టీఆర్‌ఈ 1.3 నుంచి 0.56కి పడిపోతుంది. స్క్రీన్ మీది ఎఫ్‌ఆర్‌ఈ మాత్రం 0.71 నుంచి 0.82కి పెరుగుతుంది! నిజమైన తప్పు సగానికి తగ్గితే, కనబడే తప్పు పెరిగింది. ఓటీలో ఎవరో ఒకరు "అంకె పెరిగింది, ఆ రెండు పాయింట్లు తీసేద్దాం" అంటారు. తీసేస్తే అసలుకే మోసం. మూడు పాయింట్లతో చేస్తే ఎఫ్‌ఆర్‌ఈ 0.58కి దిగి ఇంకా అందంగా కనబడుతుంది. ఒక పాయింట్‌ని తీసేయడానికి ఒకటే న్యాయమైన కారణం ఉంది. ఆ మార్కర్ కదిలిందనో, ఊడిందనో, దాని పక్కన లోహం మెరుపు గీతలు పడ్డాయనో మీకు విడిగా తెలియాలి. అంకె బాగుపడుతుందని తీసేయకూడదు.

1.3 అనేది రిజిస్ట్రేషన్ వాటా మాత్రమే. దానికి ట్రాకర్ (ప్రోబ్‌ని గమనించే కెమెరా) తప్పు 0.3, సీటీ వోక్సెల్ (సీటీ బొమ్మలోని చిన్న ఘనం) తప్పు 0.5, చేతి ఒత్తిడి, మెత్తని కణజాలం వల్ల 0.5 కలపండి. ఇవి ఒకదానికొకటి సంబంధం లేనివి కాబట్టి మామూలుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. మొత్తం 1.5 మి.మీ. వస్తుంది. ఇది సగటు లాంటి అంకె. ఏదో ఒక కేసులో రెట్టింపు రావడం అరుదు, అసంభవం మాత్రం కాదు. ఇందులో ఇంకో సంగతి ఉంది. ట్రాకర్ తప్పుని 0.3 నుంచి 0.1కి తగ్గించినా మొత్తం 1.51 నుంచి 1.48కి మాత్రమే దిగుతుంది. కెమెరా బ్రోచర్లలో 0.12 నుంచి 0.35 మి.మీ. దాకా అంకెలుంటాయి. వాటిని పోల్చి లక్షలు ఎక్కువ పెట్టి కొనేవాళ్లు ఆ డబ్బులో కొంత రిజిస్ట్రేషన్ పద్ధతి మీద పెడితే నయం.

ఏ రిజిస్ట్రేషన్ మంచిదంటే, ఎముకలోకి బిగించిన స్క్రూలే. 1.5 లేదా 2 మి.మీ. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు, తలలో అడ్డగాడి ఉన్నవి, లోకల్ అనస్తీషియాలో బిగించి, ఆ తర్వాత సీటీ తీయాలి. ప్రోబ్ మొన ఆ గాడిలో చక్కగా కూర్చుంటుంది, వేలితో నొక్కినా జారదు. జాగ్రత్తగా చేస్తే మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. రోగికి అదనపు గుచ్చుడు, సీటీకీ ఆపరేషన్‌కీ మధ్య రోజులు గడిస్తే స్క్రూ వదులవడం, ఈ రెండూ ఇబ్బందులు. చర్మానికి అంటించే స్టిక్కర్ మార్కర్లు సులువే గానీ చర్మం జరుగుతుంది, గాయం వాపు రోజురోజుకీ మారుతుంది. వాటితో 2 నుంచి 5 మి.మీ. తప్పుని ఊహించుకునే దిగాలి. లేజర్‌తో ముఖం ఉపరితలాన్ని గీసి చేసే సర్ఫేస్ రిజిస్ట్రేషన్ ముక్కు, నుదురు దగ్గర బాగుంటుంది. తల వెనక్కి, చెవుల వైపుకి వెళ్లేకొద్దీ చెడుతుంది. ముక్కులోంచి ట్యూబ్ వేసి ప్లాస్టర్‌తో లాగి కట్టాక ముక్కు రెక్క సీటీలో ఉన్న రూపంలో ఉండదు. అప్పుడు ముక్కు కింద, పెదవుల దగ్గర గీయకండి. కనుబొమల ఎముక అంచు, ముక్కు దూలం, నుదురు, వాపు లేని వైపు చెంప ఎముక, ఈ చర్మం పల్చగా ఉన్న చోట్లే గీయండి.

మీరు వాడిన డెంటల్ స్ప్లింట్ రోగికి నొప్పి లేనిది, మళ్లీ మళ్లీ పెట్టగలిగేది. పై దవడ పనికి, అంటే లీ ఫోర్ట్ 1 ఆస్టియోటమీకి (పై దవడని కోసి జరపడానికి), చాలా మంచిది. కంటిగుంత వెనక్కి వెళ్తే దాని బలహీనత పైన లెక్కలో చూశారు. దానికి మందు ఉంది. స్ప్లింట్ నుంచి నోటి బయటికి కడ్డీలు తీసి, ముఖం ముందు పై ఎత్తులో కూడా మార్కర్లు పెట్టేలా చేయించుకోవచ్చు. అన్నిటికన్నా ముందు ఒకటి చూసుకోండి. రోగికి పై దవడ కూడా విరిగి ఉంటే ఆ దవడకి తొడిగిన స్ప్లింట్ రిజిస్ట్రేషన్‌కి పనికిరాదు. సీటీ నాటికీ ఆపరేషన్ నాటికీ, ముఖ్యంగా లీ ఫోర్ట్ విరుపుని (పై దవడ విరుపుని) రిడక్షన్ చేసి చోటికి తెచ్చాక, పళ్లవరస కపాలంతో పోలిస్తే జరిగిపోతుంది. స్ప్లింట్ చక్కగా కూర్చుంటుంది, ఎఫ్‌ఆర్‌ఈ బ్రహ్మాండంగా వస్తుంది, కంటిగుంత దగ్గర మాత్రం అంతా తప్పు. మీ కేసులో పై దవడ చెక్కుచెదరలేదని నిర్ధారించుకున్నారా? రెండు పళ్లు వదులైనా స్ప్లింట్ వాలుతుంది.

సీటీ విషయంలో రేడియాలజీకి రాసే చీటీ మీదే సగం కచ్చితత్వం ఆధారపడుతుంది. స్లైస్ మందం 0.6 నుంచి 0.75 మి.మీ., ఎట్టి పరిస్థితిలో 1 దాటకూడదు. గాంట్రీ (స్కానర్ వలయం) వాలు సున్నా. స్లైసుల మధ్య ఖాళీ వద్దు. ఫీల్డ్ ఆఫ్ వ్యూ ముఖానికి సరిపడా 220 నుంచి 230 మి.మీ. పెట్టమనండి. 512 మ్యాట్రిక్స్‌లో 230 మి.మీ. అంటే ఒక్కో పిక్సెల్ 0.45 మి.మీ. తల మొత్తం పట్టేలా 300 పెట్టేస్తే అది 0.59 అవుతుంది. సర్ఫేస్ రిజిస్ట్రేషన్ చేయబోతే ముక్కు కొన తెగకుండా ఉండాలి, నుదుటి మీద పట్టీ బిగించకూడదు. స్ప్లింట్‌తో చేయబోతే అదే స్ప్లింట్ నోట్లో ఉండగా, పళ్ల మీద పూర్తిగా కూర్చుందని మీరో మీ పీజీయో చూశాకే స్కాన్ తీయాలి. టెక్నీషియన్ తొడిగితే అర మిల్లీమీటరు ఎత్తుగా కూర్చుని ఉండొచ్చు. ఇక డేటా అడిగేటప్పుడు "సీడీ ఇవ్వండి" అనకండి. సన్నని స్లైసుల యాక్సియల్ (అడ్డకోత) డైకామ్ (స్కాన్ అసలు ఫైళ్లు) సిరీస్ అని అడగండి. లేకపోతే చదవడానికి కలిపి తయారుచేసిన 3 మి.మీ. సిరీస్ చేతికొస్తుంది, దాన్నీ సాఫ్ట్‌వేర్ గొణగకుండా తీసుకుంటుంది.

కోన్ బీమ్ సీటీ వాడొచ్చా అని తరచూ అడుగుతారు. ఎముక ఆకారానికి సరిపోతుంది, రేడియేషన్ తక్కువ. చిన్న ఫీల్డ్ మిషన్లలో నుదురు, చెవి రాకపోతే సర్ఫేస్ రిజిస్ట్రేషన్‌కి చోటుండదు. గ్రే విలువలు సీటీ హౌన్స్‌ఫీల్డ్ (సాంద్రత) అంకెల్లా నమ్మదగినవి కావు కాబట్టి బొమ్మలో ఎముకని విడదీసేటప్పుడు థ్రెషోల్డ్ (ఎముకగా లెక్కించే హద్దు) చేత్తో సరిచేసుకోవాలి. కంటిగుంత అడుగు అసలే అర మిల్లీమీటరు మందం. ఏ స్కానైనా అంత పల్చని ఎముకని వోక్సెల్‌లో పక్కనున్న గాలితో, కొవ్వుతో కలిపి సగటు చేసేస్తుంది. అందుకే ఎముక ఉన్నచోట కూడా మోడల్‌లో చిల్లులు కనబడతాయి. ఆ చిల్లులు చూసి విరుపు ఇంతుందని మెష్ సైజు నిర్ణయించకండి, కరోనల్ (ముందు నుంచి చూసే), సాజిటల్ (పక్క నుంచి చూసే) స్లైసుల్లో చూసి నిర్ణయించండి.

ప్లానింగ్‌లో దొంగ తప్పు ఇంకొకటుంది. బాగున్న వైపుని మిర్రర్ చేసి దెబ్బతిన్న వైపు మీద పెడతారు కదా, ఆ నడిగీత సమతలం 1 మి.మీ. పక్కకి పోతే మిర్రర్ అయిన కంటిగుంత 2 మి.మీ. పక్కకి పోతుంది. 1 డిగ్రీ వాలితే ఇక్కడ 2 డిగ్రీలు. ఏ మిర్రర్ అయినా ఇంతే, రెట్టింపు తప్పదు. కాబట్టి ఆటోమేటిక్ నడిగీతతో ఆగిపోకుండా, దెబ్బతిన్న వైపు ఇంకా పగలకుండా మిగిలిన ఎముకల మీద, అంటే కనుబొమ అంచు, కంటిగుంత పైకప్పు, పగలకపోతే బయటి గోడ మీద, మిర్రర్‌ని చేత్తో జరిపి కూర్చోబెట్టాలి. ముఖాలన్నీ కొద్దోగొప్పో వంకరే. ఆ వంకరని ప్లాన్ చెరిపేయకూడదు.

ఓటీలో మొదటి శత్రువు రిఫరెన్స్ ఫ్రేమ్, అంటే రోగి తలకి బిగించే గోళాల చట్రం. కెమెరా రోగిని చూడదు, ఆ ఫ్రేమ్ మీది మూడు నాలుగు గోళాలని చూస్తుంది. ఫ్రేమ్ కదిలితే రోగి కదిలాడనుకుంటుంది. తలకి చుట్టే బెల్టు మీద ఫ్రేమ్ పెడితే, ఫ్లాప్ (కోసి లేపిన చర్మం) లాగినప్పుడు నెత్తి చర్మంతోపాటు అదీ జారుతుంది. కరోనల్ ఫ్లాప్ (నెత్తి మీద చెవి నుంచి చెవికి కోసేది) పెట్టే కేసులో బెల్టు ఫ్రేమ్ వద్దే వద్దు. వెంట్రుకల గీత వెనక చిన్న గాటు పెట్టి కపాలానికి స్క్రూతో బిగించే పోస్ట్ నమ్మకమైనది. బిగించాక ఫ్రేమ్‌ని వేలితో మెల్లగా తట్టి చూడండి, ఊగితే మళ్లీ బిగించండి. అసిస్టెంట్ మోచేయి దానికి తగిలే వైపు పెట్టకండి. గోళాల మీద ఒక్క రక్తపు చుక్క పడినా కెమెరాకి గోళం నడిమధ్య పక్కకి జరిగినట్టు కనబడుతుంది, అది తప్పని స్క్రీన్ చెప్పదు. తడిగుడ్డతో తుడిచి, పోకపోతే మార్చేయండి. ఒకసారికి పనికొచ్చే గోళాలని స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడితే పైపూత చెడి ఇదే గతి. ప్రోబ్ మొన వంగితే ఆ వంపు మొత్తం నేరుగా మీ తప్పుగా మారుతుంది. ప్రతి కేసుకీ ముందు కాలిబ్రేషన్ గుంటలో మొన పెట్టి తిప్పి చూడాలి, మొన ఉన్నచోటే ఉండి పిడి మాత్రమే తిరగాలి.

కెమెరాకి దూరం కూడా చూసుకోండి. పని జరిగే చోటు దాని కొలత పరిధి నడిమధ్యలో ఉండాలి, అంచుల్లో కచ్చితత్వం తగ్గుతుంది. స్విచ్ వేసిన వెంటనే రిజిస్ట్రేషన్ మొదలెట్టకుండా వేడెక్కే సమయం ఇవ్వండి. ఎలక్ట్రోమాగ్నెటిక్ సిస్టమ్‌లకి కెమెరా చూపు అడ్డం అనే సమస్య లేదు, పసిపిల్లలకీ సైనస్ పనికీ అవి మంచివి. రిట్రాక్టర్, ఇనుప టేబుల్, డ్రిల్ లాంటివి దగ్గరికొస్తే మాత్రం క్షేత్రం వంగి కచ్చితత్వం పోతుంది.

కింది దవడ గురించి ఒక్క మాట. రిఫరెన్స్ కపాలానికి ఉంటే కింది దవడ మీద నావిగేషన్ చెల్లదు, నోరు తెరిచిన ప్రతిసారీ దవడ వేరే చోట ఉంటుంది. సీటీలో ఏ కాటులో ఉందో అదే కాటులో ఐఎంఎఫ్ (రెండు దవడలనీ కలిపి కట్టడం) వేసి బిగిస్తేనో, దవడకే విడిగా రిఫరెన్స్ బిగిస్తేనో తప్ప వాడకండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. రిజిస్ట్రేషన్ అయ్యాక, కోత పెట్టకముందే, రిజిస్ట్రేషన్‌కి వాడని పాయింట్ల మీద ప్రోబ్ పెట్టి చూడాలి. వాడిన పాయింట్ల మీద చూస్తే అది బాగున్నట్టే కనబడుతుంది. ముందు పళ్ల అంచు, మొదటి మోలార్ కొన, నేజియన్ (ముక్కూ నుదురూ కలిసే చోటు), ఫ్రంటోజైగోమాటిక్ సూచర్ దగ్గరి అంచు, రెండు వైపులా కంటిగుంత కింది అంచు. దిక్కులు వేరుగా, ఎత్తులు వేరుగా ఉండాలి. పళ్ల దగ్గర సరిపోయి నుదుటి దగ్గర 2 మి.మీ. తేడా వస్తే అది వాలు తప్పు, స్ప్లింట్ రిజిస్ట్రేషన్‌లో అచ్చం ఇలాగే కనబడుతుంది. కరోనల్, యాక్సియల్, సాజిటల్ మూడు తెరల్లోనూ చూడండి, ఒక్క దాంట్లో మొన ఎముక మీదున్నట్టే ఉండి ఇంకో దాంట్లో గాలిలో తేలుతుంది. ఎముక తెరిచాక, పగలని అంచు మీద 1 మి.మీ. బర్‌తో (డ్రిల్ మొనతో) రెండు మూడు చిన్న గుంటలు చేసి, వాటి స్థానాలు సిస్టమ్‌లో సేవ్ చేసుకోండి. ఆపరేషన్ మధ్యలో అనుమానం వస్తే ప్రోబ్ అదే గుంటలో పెట్టండి. అంకె మారితే ఫ్రేమ్ కదిలింది. అప్పుడు పనాపి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయడమే, మనసులో తేడా తీసివేసుకుని కొనసాగడం కుదరదు.

మెష్ పెట్టేటప్పుడు జరిగే పొరపాటు దీనికన్నా పెద్దది. నావిగేషన్ ప్రోబ్ మొన ఎక్కడుందో చెబుతుంది. మెష్ ఎక్కడుందో దానికి తెలియదు. టైటానియం మెష్ మీద మొన పెడితే ఒకోసారి చిల్లులోంచి కిందికి దిగుతుంది, ఒకోసారి నొక్కుడికి మెష్ వంగుతుంది, ఒకోసారి మెష్‌కీ మొనకీ మధ్య కొవ్వు ఉంటుంది. కాబట్టి మెష్ కడ్డీ మీద, చిల్లు కాని చోట, ఆనీ ఆననట్టు తాకండి. ఇంకోటి, ప్లాన్‌లో గీసింది మెష్ పై ముఖమా కింది ముఖమా అన్నది ముందే తేల్చుకోండి. 0.4 మి.మీ. మందం చిన్నదే, కానీ పైన చెప్పిన తప్పులకి ఇదీ తోడవుతుంది.

మెష్ మీద కనీసం మూడు చోట్ల చూడాలి. ఒకటి అడుగూ లోపలి గోడా కలిసే ఉబ్బు దగ్గర, రెండు బయటి అంచున, మూడు అన్నిటికన్నా ముఖ్యమైనది, వెనక అంచున. వెనక మిగిలిన ఎముక గట్టు, అంటే పాలటైన్ ఎముక ఆర్బిటల్ ప్రాసెస్, మీద మెష్ ఆనాలి. ఆ గట్టుని మెష్ పెట్టకముందే ప్రోబ్‌తో తాకి సేవ్ చేసుకోవాలి. వెనక అంచు కిందికి జారి సైనస్‌లోకి దిగడం చాలా మామూలు. గట్టు ఇంకా వెనక ఉందని తెలియక, విరుపు అక్కడితో అయిపోయిందనుకుని ఆపేస్తే ఇలాగే అవుతుంది. లోపలి గోడ మీద లాక్రిమల్ క్రెస్ట్ (కన్నీటి సంచి పక్కనున్న ఎముక గట్టు) నుంచి ముందు ఎత్మాయిడ్ రంధ్రం (రక్తనాళం వెళ్లే చిల్లు) సుమారు 24 మి.మీ., వెనకది 36, ఆప్టిక్ కెనాల్ (చూపు నరం దారి) 42. వెనక రంధ్రానికీ నరానికీ మధ్య ఉన్నది 6 మి.మీ. మనిషి మనిషికీ మారే అంకెలివి. మొత్తం తప్పు 1.5 అని లెక్క వేసుకున్నవాళ్లకి ఆ 6 మి.మీ.లో ఎంత ధైర్యం చేయొచ్చో తెలుస్తుంది. నావిగేషన్ ఉందని నరం దగ్గరికి వెళ్లడం కన్నా, రోగి సీటీలో ఆ దూరాలు ముందే కొలుచుకోవడం మేలు.

ఆపరేషన్ మధ్యలోనే తీసే ఇంట్రాఆప్ సీటీయో కోన్ బీమో ఉంటే మెష్ బిగించాక ఒక్కసారి తీయండి. నావిగేషన్ మొన ఉన్న చోటే చెబుతుంది, మెష్ మొత్తాన్నీ ఇది చూపిస్తుంది. రెండింట్లో ఒకటే పెట్టుకునే స్థోమత ఉంటే నా ఓటు ఇంట్రాఆప్ స్కాన్‌కే.

వేరే పనుల్లో లెక్క మారుతుంది. జైగోమా (చెంప ఎముక) విరుపులో కంటి కింది అంచు ఒక్కటీ కలిపి మురిసిపోకూడదు, స్ఫీనోజైగోమాటిక్ సూచర్ (కంటిగుంత బయటి గోడలోని అతుకు) దగ్గర సరిపోయిందా అన్నదే తీర్పు. అక్కడ నావిగేషన్ బాగా పనికొస్తుంది, 1.5 మి.మీ. తప్పు ఉన్నా ముఖం వెడల్పులో కంటికి ఆనదు. దవడ కీలు అంకైలోసిస్‌లో (కీలు ఎముకగా బిగుసుకుపోయినప్పుడు) కపాలం అడుగు పల్చన, లోపలి వైపు మ్యాక్సిలరీ ఆర్టరీ ఉంటుంది కాబట్టి ఎముక ముద్దని ఎంత లోతుకి కోశామో తెలియడం విలువైనదే. అయితే ఆ రోగి నోరు తెరుచుకోదు, స్ప్లింట్‌కి అచ్చు తీయలేం, ముక్కులో ట్యూబ్ ఉంటుంది, తల పక్కకి తిప్పి ఉంటుంది. అక్కడ ఎముక స్క్రూలే గతి. కోవిడ్ రెండో వేవ్ తర్వాత 2021లో మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) పెరిగి, హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి లాంటి చోట్ల నోడల్ కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. పై దవడ పోయిన అలాంటి రోగులకి పళ్లు కట్టాలంటే ఇప్పుడు జైగోమాటిక్ ఇంప్లాంట్లు (చెంప ఎముకలోకి బిగించే పొడవాటి స్క్రూలు) వేస్తారు. ఆ రోగికి స్ప్లింట్ తొడగడానికి పళ్లే ఉండవు. పైగా ఇంప్లాంట్ 30 నుంచి 52.5 మి.మీ. పొడవు. మొదలు సరిగ్గా పెట్టినా 3 డిగ్రీల కోణం తప్పితే 50 మి.మీ. చివర 2.6 మి.మీ. పక్కకి పోతుంది, అంటే కంటిగుంతలోకి కూడా పోవచ్చు. అక్కడ మొన ఒక్కటీ చూస్తే చాలదు, డ్రిల్ గీతనే ట్రాక్ చేయాలి.

మీ 3 మి.మీ.కి తిరిగొస్తే, తప్పు ఎవరిదో తేల్చే దారి ఉంది. పోస్టాప్ సీటీని ప్రీఆప్ సీటీ మీద కపాలం, నుదురు ఆధారంగా కూర్చోబెట్టండి, విరిగిన భాగం ఆధారంగా వద్దు. మెష్ అంతా ఒకే వైపుకి దాదాపు ఒకేలా జరిగి ఉంటే రిఫరెన్స్ ఫ్రేమ్‌నో, రిజిస్ట్రేషన్‌నో అనుమానించాలి. ముందు అంచు సరిగ్గా ఉండి వెనక అంచు ఒక్కటే దిగి ఉంటే రెండు కారణాలుండొచ్చు, రిజిస్ట్రేషన్ వాలు లేదా మెష్ గట్టు మీద ఆనకపోవడం. విడదీయడానికి, ఆపరేషన్‌లో మెష్ మీద సేవ్ చేసిన ప్రోబ్ పాయింట్లని పోస్టాప్ సీటీ మీద పెట్టండి. పాయింట్లు నిజమైన మెష్ మీదే పడితే నావిగేషన్ నిజమే చెప్పింది, మెష్ అప్పటికే కిందికి ఉంది, మనం చూడలేదు. పాయింట్లు మెష్‌కి పైన గాలిలో తేలితే నావిగేషన్ తప్పు చెప్పింది, లేదా పాయింట్ సేవ్ చేశాక స్క్రూ బిగించేటప్పుడు మెష్ ముందుకి లాగబడి వెనక దిగింది. అందుకే ఆఖరి స్క్రూ తర్వాతే చివరి పాయింట్లు సేవ్ చేయాలి. మీ దగ్గర ఆ స్క్రీన్‌షాట్లు లేకపోతే ఇక తేల్చలేరు. మార్కర్లు ఒకే ఎత్తులో ఉన్న స్ప్లింట్, వెనక అంచు ఒక్కటే తప్పడం చూస్తే, వాలు తప్పు మీద మెష్ జారుడు కూడా కలిసిందనే నా అంచనా.

మళ్లీ తెరవాలా అన్నది 3 మి.మీ. అంకెని బట్టి నిర్ణయించకండి, వాల్యూమ్ బట్టి చూడండి. కంటిగుంత వాల్యూమ్ 1 మి.లీ. పెరిగితే కన్ను సుమారు 0.8 నుంచి 1 మి.మీ. లోపలికి పోతుంది, 2 మి.మీ. దాటితే ఎదుటివాళ్ల కంటికి తెలుస్తుంది. 25 గుణించు 25 మి.మీ. మెష్ అంతా 3 మి.మీ. దిగితే దాదాపు 1.9 మి.లీ. వెనక అంచు ఒక్కటే 3 దిగి ముందుకొచ్చేసరికి సున్నా అయితే అందులో సగం, 0.9 మి.లీ. చూపు బాగుండి, పైకీ కిందికీ చూసినప్పుడు రెండు బొమ్మలు కనబడకుండా, కండరం మెష్ కింద ఇరుక్కోలేదని సీటీలో తెలిస్తే, వాపు పూర్తిగా తగ్గాక హెర్టెల్‌తో (కన్ను ఎంత లోపలికి పోయిందో చూసే పరికరంతో) కొలిచి అప్పుడు నిర్ణయించొచ్చు. కండరం ఇరుక్కుని ఉంటే మాత్రం మిల్లీమీటర్ల లెక్క పక్కన పెట్టి త్వరగా తెరవండి.